నాలుగు గళ్ళ స్వామికి నమస్కారం

దివిసీమలో పెదప్రోలు అనే ఊరుంది. కాసుల పురుషోత్తమ కవిది ఆ ఊరే. కృష్ణ ఒడ్డున శ్రీకాకుళంలో వెలసిన ఆంధ్ర మహావిష్ణువు మీద ఆయన ‘ఆంధ్రనాయక శతకం’ చెప్పాడు. పైకి పొగడ్త, లోపల దెప్పిపొడుపు. దేవుడు నొచ్చుకున్న దాఖలా లేదు. ఆ ధైర్యంతోనే నేనూ ఇవాళ ఒక దేవుణ్ణి స్తుతించడానికి కూర్చున్నాను. ఈ దేవుడికి గుడి లేదు, ధ్వజస్తంభం లేదు. బెజవాడ బందరు రోడ్డులో ఏ హోటల్ మీటింగు హాల్లోనో దీపాలు ఆర్పగానే తెర మీద ప్రత్యక్షమవుతాడు. నాలుగు చేతులుండవలసిన చోట నాలుగు గళ్ళుంటాయి. భక్తులు ఆయన్ను పోర్ట్‌ఫోలియో మేట్రిక్స్ అంటారు. నేను నాలుగు గళ్ళ స్వామి అని పిలుచుకుంటాను.

స్వామీ, ముందు నీ రూపవర్ణన చేయనీ. ఒక కంపెనీ చేతిలో అరడజను వ్యాపారాలుంటాయి. ఉన్న డబ్బు దేనికి పెట్టాలి, దేన్నుంచి లాగాలి అన్నది యజమానికి తెగని చిక్కు. అప్పుడు నువ్వు దిగివస్తావు. నిలువునా ఒక కొలత: ఆ మార్కెట్ ఏడాదికి ఎంత పెరుగుతోంది? 10 శాతం దగ్గర ఒక గీత. అడ్డంగా ఇంకో కొలత: పోటీలో అందరికంటే పెద్దవాడి వాటాతో పోలిస్తే మన వాటా ఎంత? సమానం దగ్గర ఇంకో గీత. అంతే, లోకం నాలుగు గళ్ళయింది. మార్కెట్ పెరుగుతూ మన వాటా పెద్దదైతే నక్షత్రం. పెరుగుదల మందగించినా వాటా పెద్దదైతే పాడియావు. మార్కెట్ పెరుగుతున్నా మన వాటా చిన్నదైతే ప్రశ్నార్థకం. రెండూ లేకపోతే కుక్క. ఆవును పిండు, ఆ పాలు ప్రశ్నార్థకానికి పట్టు, నక్షత్రాన్ని కాపాడు, కుక్కను గెంటు. నాలుగు వేదాల పని నాలుగు వాక్యాల్లో తేల్చేశావు.

నీ జన్మవృత్తాంతం కూడా పావనమైనదే. అమెరికాలో బ్రూస్ హెండర్సన్ అనే ఆయన కుర్రతనంలో తండ్రి ప్రచురణ సంస్థ తరఫున బైబిళ్ళు అమ్మాడు. 1963లో బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ పెట్టి సలహాలు అమ్మాడు. 1970లో నిన్ను లోకానికి చూపించాడు. సరుకు ఎంత ఎక్కువ తయారుచేస్తే అంత చేయి తిరుగుతుంది, ఖర్చు తగ్గుతుంది, కనుక పెద్ద వాటా ఉన్నవాడిదే లాభం అన్నది ఆయన నమ్మకం. కొన్ని కర్మాగారాల్లో అది నిజమే. ఆ కొన్నిటి నిజాన్ని నువ్వు అన్నిటికీ పంచిపెట్టావు. అంత ఔదార్యం ఏ దేవుడికుంది? ఇప్పుడు కుక్క అంటున్నదాన్ని ఆయన మొదట్లో పెంపుడు జంతువు అన్నాడు. తర్వాతివాళ్ళు ఆ ముచ్చట కూడా మిగల్చలేదు. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి నాలుగు గళ్ళు చాలకపోతే మెకిన్సీ వాళ్ళు తొమ్మిది గళ్ళ మూర్తిని చెక్కిచ్చారు. నవగ్రహాలకు ప్రదక్షిణం చేసే మాకు అదేం వింత కాదు.

నీ మొదటి మహిమ ఏమిటంటే, నీ భక్తుడు కుర్చీలోంచి లేవనక్కర్లేదు. పాపం, నువ్వు పుట్టకముందు వ్యాపారం చేసినవాళ్ళు ఎంత ప్రయాసపడ్డారో! వెలగపూడి రామకృష్ణ 1941లో ఉయ్యూరులో మూలనపడ్డ సహకార చక్కెర మిల్లును చేతికి తీసుకున్నాడు. నువ్వే ఉంటే అది ఏ గడిలో పడేదో వేరే చెప్పాలా? మొరిగే అవకాశం కూడా ఇవ్వకుండా గెంటించేవాడివి. ఆయనకు నీ దర్శనభాగ్యం లేదు కనుక దాన్ని నడిపించాడు. ఆ మిల్లును నడిపిన కేసీపీ కంపెనీయే తర్వాత మద్రాసు తిరువొత్తియూరులో యంత్రాల కర్మాగారం పెట్టింది, మాచర్లలో సిమెంటు ఫ్యాక్టరీ పెట్టింది. చక్కెర మిల్లు నడిపిన చేయి చక్కెర మిల్లుకు కావలసిన యంత్రాన్నీ చేయగలదు. నీ పటంలో మాత్రం అవి మూడు చుక్కలు, ఒకదాని మొహం ఒకటి ఎరగనివి.

గోదావరి వైపు తణుకులో ముళ్ళపూడి హరిశ్చంద్రప్రసాద్ 1947లో పెట్టిన ఆంధ్రా షుగర్స్ కథా అంతే. చక్కెరతో బయల్దేరిన కంపెనీ కాస్టిక్ సోడా, ఆస్పిరిన్ మీదుగా ఇస్రో రాకెట్లకు ద్రవ ఇంధనం తయారుచేసేదాకా వెళ్ళింది. స్వామీ, రాకెట్ ఇంధనానికి మార్కెట్ ఏటా ఎంత శాతం పెరుగుతుంది? శ్రీహరికోటలో కౌంట్‌డౌన్ వాయిదాపడిన ఏడాది అది కుక్క, రాకెట్ ఎగిరిన ఏడాది నక్షత్రమా? నిజంగా నక్షత్రాల వైపు వెళ్ళేదాన్ని సైతం గీత కింద కూర్చోబెట్టగల సమర్థుడివి నువ్వు.

రెండో మహిమ: భక్తుడు ఏ వరం కావాలనుకొని వస్తాడో ఆ వరమే ఇస్తావు. వాటా లెక్కకట్టాలంటే ముందు మార్కెట్‌కు హద్దు గీయాలి. ఆ హద్దు గీసేది భక్తుడే కదా! గాంధీనగర్ బాబాయ్ హోటల్ ఇడ్లీనే తీసుకుందాం. హద్దు ఆ వీధి వరకే గీస్తే దాని వాటాకు ఎదురుండదు. బెజవాడ టిఫిన్లన్నీ కలిపి గీస్తే చిన్నబోతుంది. దేశమంతా పొద్దున్నే తినే తిండిని మార్కెట్ అంటే భూతద్దానికి కూడా ఆనదు. ఇడ్లీ అదే, దాని మీద వెన్న అదే, పొయ్యి అదే. పెన్సిలు జరిగిందంతే, పాడియావు కుక్కయింది. పెద్దకొడుకు చూసే వ్యాపారాన్ని నిలబెట్టాలన్నా, అల్లుడు చూసేదాన్ని మూయించాలన్నా, ముందుగా నిర్ణయం చేసుకొని తర్వాత గీత గీస్తే చాలు. ఇంత సులువుగా లొంగడం భోళాశంకరుడికి కూడా చేతకాదు.

మూడో మహిమ వైరాగ్యం. నీకు బంధుత్వాలు పట్టవు. పేరెందుకు గానీ, మా డెల్టాలో ఒక ఉమ్మడి కుటుంబం. ఎరువుల కొట్టు, రైసు మిల్లు, పైపుల ఏజెన్సీ. పైచదువు చదువుకొచ్చిన అబ్బాయి నిన్ను వెంటబెట్టుకొచ్చాడు. మిల్లు పాతది. చుట్టుపక్కల పెద్ద మిల్లులు లేచాయి. బియ్యం తినేవాళ్ళు ఏటేటా 10 శాతం పెరగరు. నువ్వు ఠకీమని ‘కుక్క’ అన్నావు. “మిల్లు మీద మిగిలేదేం లేదురా అబ్బాయ్, కాకపోతే...” అని పెద్దాయన నసిగాడు. ఆ ‘కాకపోతే’కు నీ దగ్గర గడి లేదు. మిల్లు మూశారు.

మరుసటి కోతలకు సంగతి బయటపడింది. సార్వాకు కొట్టులో ఎరువు అప్పు రాయించుకున్న రైతు కోతయ్యాక ధాన్యం ఈ మిల్లుకే తోలేవాడు. బాకీ పట్టుకొని మిగతాది చేతికిచ్చేవాళ్ళు. మిల్లు లేకపోయేసరికి ధాన్యం ఇంకో మిల్లుకు పోయింది, బాకీ మాత్రం కొట్టు పద్దులో ఉండిపోయింది. పాడియావు అనుకున్న ఎరువుల కొట్టు రెండేళ్ళు తిరక్కుండా తన్నడం మొదలుపెట్టింది. మిల్లు ఉన్నది లాభానికి కాదు, వసూలుకు. ఆ ముక్క గుమస్తాకు తెలుసు. నీ పూజకు గుమస్తాను పిలవలేదు.

బెజవాడ ఆటోనగర్‌లో ఒక్క రోజు తిరిగితే నీకు ఎంత పని దొరుకుతుందో! ఒక లారీకి బాడీ కట్టాలంటే వడ్రంగి, వెల్డరు, లేతు పట్టేవాడు, పెయింటరు, సీట్లు కుట్టేవాడు, టార్పాలిన్ అమ్మేవాడు, అందరూ కావాలి. ఒక్కొక్క షెడ్డునూ విడదీసి చూస్తే వాటా ఆవగింజంత, పెరుగుదల అంతంతమాత్రం. అన్నీ కుక్కలే. అన్నీ ఒక్కచోట ఉన్నాయి కాబట్టే ఉత్త ఛాసిస్‌గా వచ్చిన బండి లారీ అయి వెళ్తుంది. నువ్వు సీట్లు కుట్టేవాణ్ణి పంపించేస్తావు, డ్రైవరు నిలబడి నడుపుకుంటాడు.

నీ భాషా పాండిత్యాన్ని కూడా చెప్పుకోవాలి. ముసలి వ్యాపారం దగ్గర పెట్టుబడి ఆపేసి, వచ్చినంత కాలం డబ్బు లాక్కోవడాన్ని నీ పూజారులు ‘హార్వెస్ట్’ అంటారు. అంటే కోత. మా కృష్ణా రైతు కోత కోయాలంటే ముందు దుక్కి దున్నాలి, నారు పొయ్యాలి, ఊడ్చాలి, కలుపు తియ్యాలి. నీ కోతకు ఇవేవీ అక్కర్లేదు. మా దగ్గర దీనికి వేరే మాట ఉంది, సభల్లో అనకూడదు.

నీ జోస్యానికి తిరుగులేదు. ఒక్కసారి కుక్క అని ముద్ర వేశావంటే అది చచ్చితీరుతుంది. ఆ రోజు నుంచి దానికి తిండి ఉండదు మరి. కొత్త యంత్రం ఇవ్వరు. చురుకైన మేనేజరును లాగి నక్షత్రం గడిలో వేస్తారు. మిగిలినవాళ్ళు వేరే ఉద్యోగం చూసుకుంటారు. మూడేళ్ళకు అది మంచం పడితే ‘ముందే చెప్పానా’ అంటావు. రోగిని పస్తుపెట్టి జాతకం చెప్పే జ్యోతిష్కుడి లెక్క ఎన్నడూ తప్పదు.

ఆర్టీసీ జోలికి నువ్వు పూర్తిగా రాకపోవడం మా అదృష్టం. అక్కడ ప్రతి సర్వీసుకూ ఓఆర్, అంటే నిండిన సీట్ల శాతం ఎంత, కిలోమీటరుకు రాబడి ఎంత అని లెక్కలుంటాయి. ఆ లెక్కలు నీ చేతికిస్తే అవనిగడ్డ వైపు పల్లెవెలుగులను డిపో వెనక నిలబెట్టించి, ఏసీ బస్సులకు దండలు వేయిస్తావు. నాగాయలంకలో పల్లెవెలుగెక్కి బెజవాడ పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్‌లో దిగిన మనిషే హైదరాబాదు ఏసీ బస్సులో కూర్చుంటాడని నీకు తోచదు. పల్లెవెలుగు నష్టం ఒక పద్దు, ఏసీ బస్సు లాభం వేరే పద్దు. మనిషి మాత్రం ఒక్కడే. చేతిలో సంచీ కూడా ఒక్కటే.

నక్షత్రాల విషయంలో నీ చూపుకు సాటి లేదు. 1990ల మొదట్లో కృత్తివెన్ను, బంటుమిల్లి, నాగాయలంక వైపు టైగర్ రొయ్య నక్షత్రంలా పొడిచింది. ఆ రైతులు నీ పటం చూడలేదు గానీ, నీ తర్కమే పట్టుకున్నారు. వరి కుక్క, రొయ్య నక్షత్రం. చేలు చెరువులయ్యాయి. దశాబ్దం సగమయ్యేసరికి తెల్లమచ్చ వైరస్ వచ్చి చెరువులను ఊడ్చిపెట్టింది. ఉప్పు తాగిన నేల మళ్ళీ వరికి అంత తేలిగ్గా ఒప్పుకోదు. 2009 నుంచి వెనామీ రొయ్య వచ్చి మళ్ళీ ఆశ పొడిచింది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచగానే చెరువుగట్ల మీద మళ్ళీ చీకటి. పెరుగుదల ఎంతో నీ కొలత చెబుతుంది. అది ఏ పురుగు దయ మీద, ఎవరి సంతకం మీద ఆధారపడి ఉందో చెప్పదు. చెబితే నక్షత్రం అనే పేరు నిలవదు కదా!

ప్రభుత్వాలు కూడా నీ భక్తులే. 2019 ఆగస్టులో పది ప్రభుత్వరంగ బ్యాంకులను నాలుగు చేస్తామన్నారు. నీ పటం ముందు పెట్టుకొని చేశారని అనను, నాలుగు అనగానే నువ్వు గుర్తొచ్చావంతే. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923 నవంబరు 20న బందరులో నెలకొల్పిన ఆంధ్రా బ్యాంకు ఆ పదింటిలో ఒకటి. 1980లో ప్రభుత్వపరమైంది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది. అప్పటికి దానికి తొంభై ఏడో ఏడు. నూరేళ్ళు నిండకుండానే నూరేళ్ళు నిండిపోవడం అంటే ఇదే. డబ్బు పోలేదు, ఖాతాలు పోలేదు. పోయింది పేరు. పేరుకు వాటా లేదు, పెరుగుదల లేదు. నీ రెండు కొలతల్లోనూ అది కుక్కే.

ఇక నీ పరమభక్తుల కథ. 2008 డిసెంబరు 16న హైదరాబాదులో సత్యం కంప్యూటర్స్ బోర్డు దాదాపు 160 కోట్ల డాలర్లు పోసి యజమాని కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను కొనాలని తీర్మానించింది. ఐటీ ఒక్కదాన్నే నమ్ముకుని కూర్చోకూడదు, వ్యాపారాలు నాలుగుండాలి అన్నది చెప్పిన న్యాయం. గళ్ళ భాషలో ముచ్చటగా ఉంది. మదుపరులు గగ్గోలు పెడితే గంటల్లోనే వెనక్కి తగ్గారు. 2009 జనవరి 7న ఛైర్మన్ లేఖతో అసలు సంగతి తెలిసింది. కంపెనీ దగ్గర ఉన్నట్టు చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవు. లేని ఆస్తి చోట ఉన్న ఆస్తిని నింపడానికే ఆ కొనుగోలు తలపెట్టారు. నువ్వు దూరం నుంచి చూసి పాడియావును ఇట్టే గుర్తుపడతావు స్వామీ. పొదుగు మాత్రం తడమవు.

నీ మహిమకు శాస్త్రీయ నిదర్శనాలు కూడా ఉన్నాయి. స్కాట్ ఆర్మ్‌స్ట్రాంగ్, రోడరిక్ బ్రోడీ అనే ఇద్దరు ఆచార్యులు ఏళ్ళ తరబడి పరీక్షలు చేసి 1994లో ఫలితాలు ప్రకటించారు. రెండు పెట్టుబడులు ముందు పెట్టి ఒకటి ఎంచుకోమన్నారు. ఒకటి సొమ్మును రెట్టింపు చేసేది, ఇంకోటి సగం పోగొట్టేది. నిన్ను వాడుకొని ఆలోచించామన్నవాళ్ళలో 87 శాతం మంది నష్టం తెచ్చేదాన్నే ఎంచుకున్నారు. నాణెం ఎగరేసి బొమ్మా బొరుసా చూసుకున్నా సగం మంది గట్టెక్కేవాళ్ళు. ఆ సగం మందిని కూడా నీ దారికి తెచ్చుకోవడం మాటలు కాదు.

ఇంతటివాడివి ఆనకట్ట కట్టిన రోజుల్లో పుట్టకపోవడం మా పూర్వుల పుణ్యం. 1852లో మొదలుపెట్టి 1855కల్లా బెజవాడ దగ్గర కృష్ణకు అడ్డంగా ఆనకట్ట కట్టారు. వందేళ్ళకు పైగా గడిచాక, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. దాని కింద సుమారు 13 లక్షల ఎకరాల ఆయకట్టు. లాకుల తాళాలు నీ చేతికిచ్చామనుకో. శివారు భూములకు నీళ్ళు చేరడం ఆలస్యం, దారిలో వృథా, దిగుబడి తక్కువ. నువ్వు కుక్క అంటావు, తలుపు దించేస్తావు. మంచినీరు ఆగిన శివారులోకి సముద్రపు ఉప్పు ఎక్కుతుంది. ఇవాళ కోడూరు, రేపు దాని పై ఊరు, ఎల్లుండి ఆ పై ఊరు. శివారు పొలం పండించేది నాలుగు బస్తాల ధాన్యమే కాదు, పైవాడి నేలకు అది కాపలా కూడా. కుక్క చేసే పని కాపలాయే కదా స్వామీ! పేరు సరిగ్గానే పెట్టావు, అర్థమే తెలుసుకోలేదు.

చివరగా నీ ఆవు గురించి ఒక మాట. మా డెల్టాలో పాడి అంటే గేదె. తెల్లవారకముందే పాలకేంద్రానికి క్యాన్లు మోసే ఇళ్ళలో చాలావరకు కట్టుగొయ్యకు ఉండేది గేదే. ఆ కొట్టంలోనూ నాలుగు గళ్ళున్నాయి. పాలిచ్చేది పాడి గేదె. కడుపుతో ఉన్నది చూడి గేదె. ఇంకా ఈననిది పడ్డ. పాలు ఆపేసింది వట్టిపోయిన గేదె. నీ నాలుగింటికీ ఆ నాలుగింటికీ జోడీ చక్కగా కుదురుతుంది. తేడా ఒక్కటే. నీవి గళ్ళు, అవి ఋతువులు. ఇవాళ్టి పడ్డ రేపు చూడి. చూడిది ఈని పాడి అవుతుంది. పాడిది వట్టిపోతుంది. వట్టిపోయింది మళ్ళీ చూడికడుతుంది. అందుకే రైతు వట్టిపోయినదానికి తౌడు తగ్గిస్తాడేమో గానీ ఎండుగడ్డి మానడు. అలాగని ఏ గేదెనూ అమ్మడని కాదు. పళ్ళు చూస్తాడు, ఎన్ని ఈతలు ఈనిందో లెక్కపెడతాడు, ఇక లాభం లేదనుకుంటే కళ్ళనీళ్ళు తుడుచుకొని సంతకు తోలుకెళ్తాడు. కాకపోతే ముందు కొట్టంలోకి వెళ్ళి దాని వీపు మీద చెయ్యి వేస్తాడు.

ఎక్కడ డబ్బు పుడుతోంది, ఎక్కడ కావాలి అని నువ్వు అడిగిన ప్రశ్న బంగారంలాంటిది. అన్ని వ్యాపారాలకూ ఒకే తూకంతో పంచే యజమానికి ఆ ప్రశ్న అడిగేవాడు ఉండాల్సిందే. ప్రశ్నగా వచ్చినవాణ్ణి జవాబుగా ప్రతిష్ఠించి కొబ్బరికాయ కొట్టింది మేము. కనుక నా మొర నీకు కాదు, నీ భక్తులకు. ఈసారి తెర మీద గళ్ళు గీసే ముందు ఒక పూట మిల్లు గుమస్తా పక్కన కూర్చోండి. కాలువ గట్టు మీద లస్కరుతో మాట్లాడండి. కొట్టంలో పేడకళ్ళెత్తే ఆవిణ్ణి, వట్టిపోయిన గేదెను ఎందుకు ఉంచుకున్నావమ్మా అని అడగండి. ఆవిడ చెప్పే లెక్క చాలా చిన్నది.

గేదె చూడికట్టింది మొదలు ఈనేదాకా సుమారు 310 రోజులు. మీ త్రైమాసికానికి 90.